కేసులా అంటే ఏ చెట్టు? మోదుగ పేర్లలో మన చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు ఏం రాయాలని మా సంఘం వాళ్లం కూర్చున్నప్పుడు పండుగల గురించి, తండాల గురించి, భాష గురించి చాలా సూచనలు వచ్చాయి. చివరికి ఒక చెట్టు దగ్గర ఆగాం. దానికి కారణం మా పిల్లలే. ఫాగణ్ నెలలో, హోలీ ఇంకా వారం ఉందనగా, తార్నాక, లాలాగూడ, హబ్సిగూడలలో ఉంటున్న మా కుటుంబాల పిల్లలను ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌కు తీసుకెళ్లాం. "కేసులా పూలు ఏరుకొద్దాం, రంగు మనమే చేసుకుందాం" అని చెప్పాం. వాళ్లు ఉత్సాహంగా పరుగెత్తి, రోడ్డు పక్కన ఎర్రగా పూసిన ఆఫ్రికన్ తులిప్ చెట్టు కింద ఆగి, దోసిళ్లతో పూలు పట్టుకొచ్చారు. "ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్ అంటే ఇదే కదా!" అన్నారు.

తప్పు వాళ్లది కాదు. ఆ ఇంగ్లీషు పేరును ఎవరికి తోచిన చెట్టుకు వాళ్లు తగిలిస్తూ వచ్చారు. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయిని, అంటే గుల్‌మొహర్‌ను కొందరు అలా పిలుస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ తులిప్ చెట్టును కొందరు అలా పిలుస్తారు. అడవి ముఖమే చూడని ఈ బాట చెట్లకు 'అడవి మంట' అనే పేరు దక్కింది. నిజంగా అడవిలో మంటలా పూసే చెట్టు మాత్రం క్యాంపస్ లోపల రాళ్ల దిబ్బల మధ్య, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా నిలబడి ఉంది. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించాం. వంకర మొద్దు, ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకూ నల్లని తొడిమల మీద కాషాయపు పూలు. ఒక పాప పువ్వును చేతిలోకి తీసుకుని, "ఇది చిలక ముక్కులా ఉంది" అంది. ఆ మాట ఎంత పాతదో ఆ పాపకు తెలియదు. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

తెలుగులో ఇది మోదుగ. మా తెలంగాణ ఊళ్లలో మోతుకు, మోత్కు అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. మోత్కూరు అనే పేరు వినగానే మాకు ఆ చెట్టే కళ్ల ముందుకొస్తుంది. గోండీలో ముర్. కన్నడంలో ముత్తుగ. తమిళంలో మురుక్కు, పురసు. మరాఠీలో పళస. హిందీ, ఉర్దూలలో పలాస్, ఢాక్, టేసూ. సంతాలీలో మురుప్. మా గోర్ బోలీలో కేసులా. ఇన్ని పేర్లు ఎందుకు అని పిల్లలు అడిగారు. మేం అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాం. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

పాళీ బౌద్ధ గ్రంథాలలో, సంయుత్త నికాయంలో, ఈ చెట్టు మీద ఒక ఉపమానం ఉంది. ఎన్నడూ కింశుక వృక్షాన్ని చూడని ఒకాయన, చూసినవాళ్లను ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్తాడు. అది కాలిన మొద్దులా నల్లగా ఉంటుందని ఒకరు చెప్తారు. మాంసం ముక్కలా ఎర్రగా ఉంటుందని మరొకరు. బెరడు పేలికలుగా వేలాడుతూ, కాయలు పగిలి, దిరిసెన చెట్టులా ఉంటుందని ఇంకొకరు. మర్రిలా దట్టమైన ఆకులతో చల్లని నీడ ఇస్తుందని నాలుగో మనిషి. అబద్ధం చెప్పింది ఎవరూ కాదు. ఎవరు ఏ కాలంలో చూశారో ఆ చెట్టునే చెప్పారు. జాతక కథల్లో కూడా ఇదే కథ నలుగురు రాజకుమారుల మీద వస్తుంది. మోదుగను ఏడాది పొడుగునా చూసినవాళ్లకు ఈ కథలో వింతేమీ ఉండదు. చలికాలం చివర ఆకు రాల్చి నల్లని మోడవుతుంది, మాఘ ఫాల్గుణాల్లో పూస్తుంది, వేసవిలో చదునైన కాయలు వేలాడుతాయి, తొలకరికి ముందే పెద్ద పెద్ద ఆకులతో నిండిపోతుంది.

పేర్ల సంగతీ ఇంతే అని మాకనిపించింది. ఎవరు ఆ చెట్టుతో ఏ పని పెట్టుకున్నారో వాళ్ల పేరు ఆ పని వైపే చూస్తుంది.

సంస్కృతంలో పలాశం అంటే ఆకు. ఆకులంటే ఈ చెట్టువే అన్నట్టు ఆ మాట దీనికే పేరుగా నిలిచింది. యజ్ఞంలో సమిధలు, వటువు చేతి దండం, భోజనానికి విస్తరి, అన్నీ దీని నుంచే. బెంగాల్లో 1757లో క్లైవ్ గెలిచిన ప్లాసీ యుద్ధం మనం బడిలో చదువుకున్నాం. ఆ ప్లాసీ అసలు పేరు పలాశీ, మోదుగ చెట్ల ఊరు. ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి చెట్టు మాయమైంది, యుద్ధం మిగిలింది.

ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లకు ఢాక్ అనగానే మూడు ఆకులు గుర్తొస్తాయి. ఎక్కడ చూసినా ఒకే కాడకు మూడు ఆకులే ఉంటాయి కాబట్టి, ఎంత చేసినా మారని పరిస్థితిని 'ఢాక్ కే తీన్ పాత్' అంటారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా వాళ్లలో చాలామందికి ఆ సామెత తెలుసు. ఆ ఢాక్ ఏ చెట్టో మాత్రం తెలియదు. పాతబస్తీ యునానీ దుకాణంలో 'కమర్‌కస్' అడిగితే ఎర్రని గాజు ముక్కల్లాంటి బంక ఇస్తారు. బాలింతలకు నడుము గట్టిపడాలని లడ్డూల్లో వేసి పెట్టే ఆ బంక మోదుగ బెరడు నుంచి కారేదే. అదే దుకాణంలో కడుపులో పురుగులకు ఇచ్చే 'పలాస్ పాప్డా' మోదుగ గింజ. నడుము గట్టిపడాలనుకున్నవాళ్లు బంకకు ఆ పేరు పెట్టుకున్నారు, గింజ వైద్యుడి చేతిలో పాప్డా అయింది.

తెలుగు మోదుగకు కన్నడ ముత్తుగ, తమిళ మురుక్కు, గోండీ ముర్ బంధువులేనని ద్రావిడ భాషలను పరిశీలించినవాళ్లు చెప్తారు. ఈ బంధుత్వాల శాస్త్రానికి మన తార్నాకతో సంబంధం ఉంది. ద్రావిడ భాషాశాస్త్రంలో ప్రపంచం గుర్తించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టినవారు, తార్నాకలోనే నివాసం ఉన్నారు. కొండ భాష మీద ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం 1969లో వచ్చింది. లిపి లేని, బడిలో చోటు లేని భాషకు కూడా తెలుగుకు ఉన్నంత క్రమం, అంత చరిత్ర ఉంటాయని చూపిన పుస్తకం అది. మాటల చరిత్ర తవ్వే అంత పెద్దాయన నివాసమున్న పేట పేరేమో తార్, నాకా కలిసి వచ్చింది అంటారు. ముళ్లతీగ వేసిన కాపలా గేటు అని అర్థం. ఇక్కడి వీధులకు పేర్లు కూడా లేవు, నంబర్లే. పేర్ల విషయంలో మా పేట మరీ పొదుపు!

ఇక మా కేసులా. ఈ మాట గురించి మాకు ఒక పాత బాధ ఉంది, దాచుకోవడం ఎందుకు? పట్నం చదువులకు వచ్చిన మొదటి తరంలో మాలో ఒకరు కాలేజీలో ఈ పేరు పలికితే, "మీ తండా భాషలో అన్నీ విరిచి పలుకుతారా?" అని నవ్వారట. కేసరి రంగు అనే మాట చెడిపోయి కేసులా అయిందని మాలో కూడా కొందరు అనుకునేవాళ్లు. అది నిజం కాదు. సంస్కృతంలో ఈ పువ్వుకు మరో పేరు కింశుకం. 'ఇది చిలుకా?' అని అర్థం చెప్తారు. వంగిన ఎర్రని రేకు చిలుక ముక్కులా ఉంటుంది కాబట్టి. ఆ కింశుకమే ప్రాకృతంలో కేసుఅ అయింది. 12వ శతాబ్దంలో గుజరాత్‌లో ప్రాకృత వ్యాకరణం రాసిన హేమచంద్రుడు ఆ రూపాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. దాని నుంచి హిందీలో కేసూ, గుజరాతీలో కేసూడో వచ్చాయి. మా కేసులా ఆ వరుసలోదే. పండితుల కింశుకానికీ తండా కేసులాకూ తల్లి ఒక్కటే. ఒకటి పుస్తకంలో ఉండిపోయింది, ఒకటి ఎద్దుల వెంట నడిచింది.

నడిచింది అన్నది అలంకారం కాదు. మన పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఉత్తరం నుంచి దక్కన్‌కు సరుకు మోసినవాళ్లు. మొగలాయీ సేనలకు, ఆ తరువాత నిజాం సేనలకు గింజలు అందించినవాళ్లు. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ అనే పేరు ఆ జ్ఞాపకమే. గోర్ బోలీ రాజస్థానీకి, గుజరాతీకి దగ్గరి భాష. ఇక్కడికొచ్చి తెలుగు, కన్నడ, మరాఠీ మాట్లాడేవాళ్ల మధ్య తరాల తరబడి ఉన్నాం. సంత మాటలు, పొలం మాటలు ఎన్నో తెలుగు నుంచి తీసుకున్నాం. ఈ పువ్వు పేరు మాత్రం మార్చుకోలేదు. ఎందుకంటే అది హోలీ మాట. పండుగ మాటలను అంత తేలికగా వదులుకోం.

తండాలో ఫాగణ్ వస్తే లేంగి పాటలు మొదలవుతాయి. గేరియాలు, గేర్ణీలు ఆడతారు. ఆ ఏడు మగపిల్లాడు పుట్టిన ఇంట్లో ఢూండ్ చేస్తారు. పండుగకు ముందే అడవికి వెళ్లి కేసులా పూలు కోసుకొచ్చి, పెద్ద బగోనెలో నీళ్లు పోసి, పూలు వేసి, కట్టెల పొయ్యి మీద ఉడికించేవాళ్లు. చల్లారాక పలుచని బట్టతో వడగడితే పసుపు తిరిగిన కాషాయపు నీళ్లు. కాస్త సున్నం కలిపితే ఆ రంగు ముదిరి నారింజ అవుతుంది. పూలను ఎండబెట్టి మూటగట్టి దాచుకున్నా పనికొస్తాయి. మా దాదీల చేతుల్లో ఇదంతా లెక్క లేని లెక్క. ఎన్ని పూలకు ఎన్ని నీళ్లు అని అడిగితే నవ్వేవాళ్లు. ఆదిలాబాద్ గోండు సోదరులు దురాడి పండుగలో ఇవే మోదుగ పూల రంగు చల్లుకుంటారు. భాష వేరు, దేవుళ్లు వేరు, పువ్వు ఒకటి.

బగోనెలో జరిగేది ఏమిటో శాస్త్రవేత్తలు తరువాత తేల్చారు. 1904లో ఇంగ్లండ్‌లో పెర్కిన్, హమ్మెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు మోదుగ పువ్వు రంగు పదార్థాన్ని పరిశీలించి ప్రచురించారు. బ్యూటీన్, బ్యూటిన్ అని వాటికి పేర్లు. 1940 ప్రాంతంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి.ఆర్. శేషాద్రి గారు, ఆయన శిష్యులు ఈ పూల రంగుల మీద పనిచేశారు. పువ్వులో రంగు చక్కెరతో కలిసి ఉంటుంది, వేడికి, ఎండకు దాని రూపం మారుతుంది, సున్నం తగిలితే ముదురుతుంది. దాదీలు చేసిన పనిలో తప్పేమీ లేదని ప్రయోగశాల ఒప్పుకున్నట్టే. అయితే ఆ పదార్థాల పేర్లన్నిటిలో 'బ్యూట్' అని ఉంది చూశారా? అది అందం అనే ఇంగ్లీషు మాట కాదు. అదొక మనిషి పేరు.

దీని కథ కొంచెం పెద్దది. 17వ శతాబ్దం చివర డచ్చివాళ్లు కేరళ మొక్కల మీద అచ్చేసిన 'హోర్టస్ మలబారికస్' అనే గ్రంథంలో ఈ చెట్టు బొమ్మ 'ప్లాసో' అనే పేరుతో ఉంది. మలయాళంలో ప్లాశు అంటారు కాబట్టి. ఆ గ్రంథానికి మొక్కల పేర్లు, గుణాలు చెప్పినవాళ్లలో ముఖ్యుడు ఇట్టి అచ్యుదన్ అనే ఈళవ వైద్యుడు. ఆ బొమ్మను ఆధారం చేసుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ దీనికి ఎరిత్రినా మోనోస్పెర్మా అని పేరు పెట్టాడు. మోనోస్పెర్మా అంటే ఒకే గింజ. కాయ చివర ఒక్క గింజే ఉంటుంది, అది నిజం. ఎరిత్రినా వేరే ఎర్రపూల చెట్ల జాతి. తమిళంలో మురుక్కు అనే మాట కూడా ఈ రెండు చెట్లకూ వాడతారు. లామార్క్‌కు కనిపించిన పోలికే తమిళ పల్లెవాళ్లకూ కనిపించింది.

అదే కాలంలో మన తెలుగు తీరంలో కోనిగ్ అనే వైద్యుడు మొక్కలు ఏరుతున్నాడు. లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. అతని పని అందుకున్నవాడు సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్. స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించి, చెట్టు చెట్టుకూ తెలుగువాళ్లు ఏమంటారో అడిగి రాసుకునేవాడు. 1795లో మొదలైన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గొప్ప పుస్తకంలో మోదుగ బొమ్మ ఉంది, తీగ మోదుగ బొమ్మా ఉంది. పేరు మాత్రం బ్యూటియా. జాన్ స్టువర్ట్ అనే స్కాట్లండ్ ప్రభువు, బ్యూట్ అనే ద్వీపానికి ఎర్ల్, కొంతకాలం బ్రిటన్ ప్రధానమంత్రి. మొక్కలంటే ఇష్టం ఉన్నవాడే. కానీ మన దేశం ఎన్నడూ రాలేదు. చివరికి 1894లో టౌబెర్ట్ అనే జర్మన్ ఆయన లామార్క్ పేరును, రాక్స్‌బర్గ్ పేరును కలిపి బ్యూటియా మోనోస్పెర్మా అని స్థిరపరిచాడు. ఈనాటికీ ప్రపంచమంతా అదే పేరు. చెట్టు చూపించినవాడు, పేరు చెప్పినవాడు, బొమ్మ గీసినవాడు ఆ పేరులో లేరు. శాస్త్రీయ నామం అవసరమే. ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా ఒకే చెట్టు అర్థం కావాలి కదా. మా పిల్లలు ఆఫ్రికన్ తులిప్ పట్టుకొచ్చిన రోజున మాకు ఆ విలువ బాగానే తెలిసింది. అయినా ఆ పేరు పక్కన ఇంకో పేరుకు కూడా చోటు ఉండాలి అనేదే మా మాట.

హైదరాబాద్ రాజ్యంలో ఈ పని ఎంతో కొంత జరిగింది. 1911లో అటవీ అధికారి పార్ట్‌రిడ్జ్ నిజాం రాజ్యపు అడవి చెట్ల మీద ఒక పుస్తకం తెచ్చాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది. పై చదువులన్నీ ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, చెప్పాలని పూనుకున్న విశ్వవిద్యాలయం. దానికి పుస్తకాలు కావాలి కాబట్టి అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టారు. రసాయనం, వైద్యం, వృక్షశాస్త్రం, అన్నిటికీ ఉర్దూ మాటలు వెతికారు, లేకపోతే తయారు చేశారు. మొదట అద్దె భవనాల్లో నడిచిన కాలేజీ అడిక్‌మెట్ వైపు ఈ రాళ్ల నేలకు వచ్చింది. 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది, 1939లో ప్రారంభం. ఆ రోజుల్లోనే వృక్షశాస్త్ర శాఖకు చెందిన ఎం. సయీదుద్దీన్ గారు హైదరాబాద్ రాజ్యంలోని పూల మొక్కలు ఎక్కడెక్కడ పెరుగుతాయి, ఏయే పనులకు వస్తాయి అని వరుస వ్యాసాలు రాశారు. విశ్వవిద్యాలయం తన చుట్టూ ఉన్న నేలను తానే చదవడం అంటే ఇదే.

మనుషులను చదవడం ఇంకొంచెం తరువాత వచ్చింది. చెంచుల మీద, గోండుల మీద పుస్తకాలు రాసిన హైమన్‌డార్ఫ్ గారు 1945 నుంచి కొన్నేళ్లు ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యులుగా ఉన్నారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు ఆయన చొరవతో వచ్చినవే. ఉర్దూ కోసం ఒక సంస్థ నిలబడ్డ రాజ్యంలో గోండీ కోసం ఒక చిన్న బడి నిలబడింది. కొలత తేడా ఉంది. ఆలోచన ఒకటే: పిల్లవాడికి తెలిసిన మాటతో చదువు మొదలుపెట్టాలి. 1948 తరువాత ఉర్దూ మాధ్యమం పోయింది, ఇంగ్లీషు వచ్చింది. క్యాంపస్ భాషలు ఇలా మారుతూ పోతుంటే రాళ్ల మధ్య మోదుగ ఏటా పూస్తూనే ఉంది.

ఇక్కడ ఒక సంస్కృత సుభాషితం గురించి చెప్పాలి. రూపం ఉండి, వయసు ఉండి, పెద్ద కులంలో పుట్టినా చదువు లేనివాళ్లు వాసన లేని కింశుకాల్లాంటివాళ్లు అని దాని భావం. చదువు గొప్పతనానికి చెప్పింది, సరే. కానీ మోదుగకు వాసన లేకపోవడం లోపం అనుకోవడం పొరపాటు. పువ్వు ఎవరి కోసం పూస్తుంది? వాసన పట్టి వచ్చే పురుగుల కోసం కాదు, రంగు చూసి వచ్చే పిట్టల కోసం. తేనెపిట్ట వచ్చి ఆ వంకర రేకు తెరిచి తేనె తాగుతుంటే పుప్పొడి దాని తలకు, మెడకు అంటుతుంది. మూడు చారల ఉడుతలు కూడా ఆ పని చేస్తాయని ఈ పూల మీద పరిశోధించినవాళ్లు రాశారు. పిట్టకు రంగు చాలు. ఒక ఉదయం మేం క్యాంపస్‌లో ఒకే చెట్టు దగ్గర అరగంట నిలబడ్డాం. తేనెపిట్టలు, గోరింకలు, ఒక ఉడుత, ఆ అరగంటలో చెట్టు ఒక్క క్షణం ఖాళీగా లేదు.

ఆ సుభాషితం కన్నా పాత చూపు మన దగ్గరే ఉంది. శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో ఒక గాథ ఈ పూలను చిలుక ముక్కులతో పోలుస్తుంది. నేల మీద రాలిన ఆ పూలను బుద్ధుని పాదాల దగ్గర వంగిన భిక్షువులతో కూడా పోలుస్తుంది. ఆ గాథ ప్రాకృతంలో ఉంది. మా కేసులాకు తల్లివైపు భాష. చిలక ముక్కు అన్న మా పాప ఆ వరుసలో చేరిందన్నమాట.

తెలుగువాళ్లకు మోదుగుపూలు అంటే మరో అర్థం కూడా ఉంది. దాశరథి రంగాచార్య గారు నిజాం కాలపు తెలంగాణ పోరాటం మీద రాసిన నవలకు ఆ పేరే పెట్టారు. అప్పటి నుంచి ఆ పువ్వు ఎరుపు తిరుగుబాటు ఎరుపు. మాకు దాని మీద అభ్యంతరం లేదు. ఆ పోరాటంలో మా తండాలవాళ్లూ ప్రాణాలు ఇచ్చారు. కానీ మా ఇళ్లలో ఈ పువ్వు ముందు ఆట, ఆ తరువాతే ఏదైనా.

2022లో వచ్చిన ఒక పుస్తకం మా పేరును మొదటిసారి అట్ట మీదికి తెచ్చింది. ఉస్మానియా తెలుగు శాఖ ఆచార్యులు సూర్యా ధనంజయ్ గారు, యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ కలిసి గోర్ బంజారా కథలను ఒకచోట చేర్చి, ఆ సంకలనానికి 'కేసులా' అని పేరు పెట్టారు. పుస్తకం చేతికొచ్చిన రోజు మాలో ఒక పెద్దాయన అట్ట మీద ఆ మూడు అక్షరాలను వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయారు. ఆయన చిన్నప్పుడు ఆ మాటను బడిలో దాచుకున్న మనిషి.

అంత మాత్రాన అంతా బాగుందని కాదు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర వృక్షంగా జమ్మిని, పుష్పంగా తంగేడును ఎంచుకున్నారు. రెండూ మనవే, సంతోషం. జార్ఖండ్‌వాళ్లు పలాశాన్ని రాష్ట్ర పుష్పం చేసుకున్నారు. గుర్తింపుల సంగతి అటుంచితే, మాకు భయం వేరేచోట ఉంది. రంగు పొట్లం దుకాణంలో దొరికిన నాటి నుంచి పువ్వు ఉడికించడం ఆగింది. ఉడికించడం ఆగితే పువ్వు కోసం అడవికి పోవడం ఆగుతుంది. పోవడం ఆగితే చెట్టు గుర్తుపట్టడం పోతుంది. అప్పుడు మాట నిఘంటువులో ఉన్నా లేనట్టే. నగరంలో చూస్తున్నాం కదా. ఒక పార్కులో చెట్లకు పేర్ల రేకులు కొట్టారు. మోదుగ రేకు మీద లాటిన్ ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగులో రాసిన పేరు మాత్రం పక్క చెట్టుది. ఎవరో తెలియక చేసిన పని. మేం చెప్పాక మారుస్తామన్నారు.

అందుకని మేం ఒక చిన్న పని మొదలుపెట్టాం. క్యాంపస్ నుంచి రాలిన పూలు మాత్రమే ఏరుకొచ్చి, కొమ్మ విరవకుండా, తార్నాకలో మా సంఘ సభ్యుల మేడ మీద పాత చీర పరిచి ఎండబెట్టాం. బగోనె దొరికింది, కట్టెల పొయ్యి దొరకలేదు, గ్యాసు మీదే కానిచ్చాం. మొదటిసారి నీళ్లు ఎక్కువై రంగు పలచబడింది. రెండోసారి మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక దాదీ పక్కన నిలబడి చెప్తే కుదిరింది. సున్నం ఎంత అంటే ఆమె చిటికెన వేలు గోరు చూపించింది. పిల్లలు అది రాసుకున్నారు.

రంగు చల్లుకున్నాక పిల్లలతో ఒక అట్ట మీద ఈ చెట్టు పేర్లు రాయించాం. పైన బ్యూటియా మోనోస్పెర్మా, కింద మోదుగ, మోతుకు, ముర్, కేసులా, ఢాక్. కోయ, కొలామ్, చెంచు, సవర, ఎరుకల ఇళ్లలో ఏమంటారో అక్కడ ఖాళీ వదిలాం. ఈ సంచిక చదువుతున్న అన్నలు, అక్కలు, మీ ఊళ్లో ఈ చెట్టును ఏమని పిలుస్తారో, పువ్వును, ఆకును, బంకను వేరు వేరు మాటలతో అంటారేమో, ఏ పనికి వాడతారో మాకు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు పలికినట్టే రాయండి. వచ్చే ఫాగణ్‌కు ఆ అట్టను మళ్లీ రాయిస్తాం.